డెబ్బై ఆరు రోజులు
(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

నేను 1985లో ఇక్కడ పదో తరగతి పూర్తిచేసిన బ్యాచ్ వాణ్ణి. నన్ను గుర్తుపట్టని వాళ్లు కంగారు పడక్కర్లేదు. జుట్టు పోయాక మా తమ్ముడే బస్టాండులో నన్ను దాటుకుని వెళ్లిపోయాడు.

మన కార్యదర్శి ఫోన్ చేసి, "థర్మల్ స్టేషన్‌లో ముప్ఫై ఏళ్లు చేశావు కదా, కరెంటు గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. బాయిలర్లూ టర్బైన్ల గురించి మొదలుపెడితే భోజనాల గంట కొట్టకముందే హాలు ఖాళీ అవుతుందని నాకు తెలుసు. "పిల్లలతో ఇంట్లో రోజూ గడిపే కాలం గురించి చెబుతాను" అన్నాను. "నువ్వేమన్నా సైకాలజిస్టువా?" అన్నాడు. కాను. ఇద్దరు పిల్లల తండ్రిని, అందులోనూ షిఫ్టుల్లో పనిచేసిన తండ్రిని. ఆ అర్హత చాలనుకుని వచ్చాను.

అయినా కరెంటును పూర్తిగా వదిలిపెట్టలేను, క్షమించాలి. మా వృత్తిలో మొదటిరోజు నేర్పే సంగతి ఒకటుంది. గ్రిడ్డులో విద్యుత్తు ఎప్పటిదప్పుడే. మీరు ఇక్కడ ఫ్యాన్ స్విచ్ వేస్తే ఆ క్షణానే ఎక్కడో ఒక యంత్రం ఆ బరువు మోయాలి. వాడకానికీ ఉత్పత్తికీ తేడా వస్తే ఫ్రీక్వెన్సీ కదులుతుంది. మన దేశంలో అది 50 హెర్ట్జ్ ఉండాలి. 49.90 నుంచి 50.05 లోపల ఉంచడానికి రాత్రింబవళ్లు మనుషులు కూర్చుని ఉంటారు. మరి నిల్వ చేయలేమా అంటే, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు యూనిట్లున్నాయి. కరెంటు మిగిలినప్పుడు అవి పంపుల్లా తిరిగి కింది నీళ్లను పైకి ఎక్కిస్తాయి, కావలసినప్పుడు ఆ నీటితోనే మళ్లీ కరెంటు తీస్తాయి. పిల్లల సాయంత్రాలను అలా పైకి ఎక్కించి దాచుకునే పంపు మాత్రం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

ఈమధ్య "క్వాలిటీ టైమ్" అనే మాట బాగా వినపడుతోంది. వారమంతా వీలుకాదు గానీ ఆదివారం పిల్లల్ని మాల్‌కి తీసుకెళ్లి లోటు తీర్చేస్తాం అంటారు. ఆరు రోజులు సరఫరా ఆపేసి ఏడో రోజు ఏడింతలు ఇస్తామంటే ఏ వినియోగదారుడూ ఒప్పుకోడు. ఇంట్లో బల్బులు కూడా మాడిపోతాయి.

నా షిఫ్టులు ఇలా ఉండేవి. పొద్దున ఆరుకొకటి, మధ్యాహ్నం రెండుకొకటి, రాత్రి పదికొకటి. మా ఆవిడ పక్క మండలంలో స్కూల్ టీచరు. ఏడుంపావు బస్సు అందుకోవాలి. రాత్రి డ్యూటీ చేసి నేను ఇంటికొచ్చే సరికి ఆవిడ చేతిలో బ్యాగు, గుమ్మంలో చెప్పులు సిద్ధం. "ఇడ్లీలు మూతపెట్టాను, పాప జడలు మీవే" అని వెళ్లిపోయేది. అలా నాకు జడలు వేయడం వచ్చింది. రెండు జడలు, మడిచి రిబ్బన్లు. మూడు పాయల్ని మా భాషలో ఆర్, వై, బి ఫేజులు అనుకునేవాణ్ణి. మూడింటిమీదా లోడు సమానంగా లేకపోతే బడి గేటు దాటేలోపే జడ వంకర పోతుంది. "నాన్నా, బి ఫేజు వదులైంది" అని మా అమ్మాయి రెండో తరగతిలోనే చెప్పేది. పాపిడి తిన్నగా రావడానికి మటుకు నాకు ఏడాది పట్టింది. రాత్రంతా మెలకువగా ఉన్న కళ్లు మండుతుండేవి. అయినా ఆ పావుగంటలో పిల్ల చెప్పే కబుర్లు ఇంకెక్కడా దొరికేవి కావు. ఎదురుగా కూర్చోబెట్టి "స్కూల్లో ఏం జరిగింది?" అని అడిగితే ఏ పిల్లలైనా "ఏం లేదు" అంటారు. మన ముఖం కనపడకుండా వెనక కూర్చుని జడ వేస్తుంటే అన్నీ చెబుతారు. ఎవరు ఎవరితో పచ్చి, ఎవరి టిఫిన్ డబ్బాలో ఏముంది, లెక్కల టీచరుకి కోపం ఎందుకొచ్చింది, అన్నీ.

మా వాడి సంగతి వేరు. వాడికి నా ఉద్యోగం ఏమిటో తెలియాలి. బడిలో పక్కవాడి నాన్న బస్సు నడుపుతాడు, అది కనపడుతుంది. "నువ్వేం నడుపుతావు?" అన్నాడు. బొగ్గును పొడిచేసి మండించి, నీళ్లు ఆవిరిచేసి, ఆ ఆవిరితో చక్రం తిప్పుతామని చెప్పాను. ఒక యూనిట్ కరెంటుకి ఎంత బొగ్గు కావాలి అన్నాడు. సుమారుగా 700 గ్రాములు అన్నాను. ఆ రోజునుంచి మా ఇంట్లో లెక్కలన్నీ బొగ్గులోనే. మామూలు సీలింగ్ ఫ్యాన్ పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్, అంటే అరకిలో పైచిలుకు బొగ్గు. మా అమ్మ ఊరినుంచి వచ్చి ఫ్యాన్ వేసి వంటింట్లోకి వెళితే వీడు వెనకాలే వెళ్లి, "నానమ్మా, అక్కడ బొగ్గు కాలుతోంది" అనేవాడు. పొయ్యి మీద ఏదో మాడుతోందనుకుని ఆవిడ పరుగెత్తేది.

మా కాలనీలో కరెంటు పోయేది కాదు. అందుకని మా పిల్లలకు చీకటి అంటే ఏమిటో మా ఊళ్లోనే తెలిసింది. వేసవిలో అక్కడికి వెళితే రాత్రి కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసేవాళ్లు. పోగానే డాబా మీదికి చాపలు, ఒక చెంబు నీళ్లు. మా అమ్మకి చుక్కల పేర్లు తెలుసు. ఒక్కోదాన్నీ వేలితో చూపించి పేరు చెప్పేది. ఆ వేసవి చుక్కల కింద ఒకే కథ ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకు విసుగొచ్చేది కాదు. ఒక మాట మారిస్తే మాత్రం ఊరుకునేవాళ్లు కాదు. విద్యుత్ ఇంజనీరు పిల్లలు కరెంటు పోవాలని దండం పెట్టుకునేవాళ్లని మా ఆఫీసులో చెబితే ఎవరూ నమ్మలేదు.

మన బడి లైబ్రరీలో అట్టలు ఊడిన చందమామలు ఒక బీరువా నిండా ఉండేవి, గుర్తుందా? 1947లో మొదలైన పత్రిక అది, మన చేతికొచ్చేసరికి దానికి ముప్ఫై దాటాయి. తెలుగు మాస్టారు శనివారం చివరి పిరియడ్‌లో అందులోంచి పైకి చదివేవారు. చదివి వినిపించడం అనే అలవాటు నాకు ఆయన దగ్గరే అంటింది. ముళ్లపూడి వారి బుడుగును మా ఇంట్లో కనీసం నాలుగుసార్లు మొదటినుంచి చివరిదాకా చదివాం. పిల్లలకన్నా మా ఆవిడే ఎక్కువ నవ్వేది. ఆవిడ నవ్వు చూసి పిల్లలు నవ్వేవాళ్లు. బాపు బొమ్మల్లోని బుడుగును చూపించి మా వాడు, "వీడి జుట్టు నాకూ కావాలి" అని మంగలి దగ్గర పేచీ పెట్టాడు.

ఇంక ఆవకాయ. మే నెలలో ఒక ఆదివారం మా ఇంట్లో అందరికీ డ్యూటీ ఉండేది. కాయలు కొట్టించి తేవడం నా పని. ముక్కలో జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిబట్టతో తుడవడం పిల్లల పని. తడి చుక్క తగిలిందంటే మా ఆవిడ ఆ ముక్కను వెనక్కి పంపేది. మా స్టేషన్‌లో క్వాలిటీ కంట్రోల్ అంత గట్టిగా ఉండేది కాదు. మా అమ్మ కొలత నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, గిన్నెకు కాస్త వెలితిగా ఉప్పు. నిష్పత్తి అంటే ఏమిటో మా పిల్లలకు బడికన్నా ముందు ఆ గిన్నె నేర్పింది. ఐదు గిన్నెల ముక్కలొస్తే కారం ఎంత వేయాలి అని అమ్మాయి వేళ్లమీద లెక్కేసేది. కలపడం అయ్యాక జాడీలోకి ఎత్తితే బేసిన్‌కి గుజ్జు అంటుకుని ఉంటుంది కదా, అందులో వేడివేడి అన్నం వేసి, నూనె పోసి కలిపి, ఆవిడ తలా ఒక ముద్ద పెట్టేది. నలుగురం నేలమీద బేసిన్ చుట్టూ. కళ్లల్లో నీళ్లు, ముక్కుల్లో నీళ్లు, ఇంకో ముద్ద. నేను పెద్ద హోటళ్లలోనూ తిన్నాను, పెళ్లిళ్లలోనూ తిన్నాను. ఆ బేసిన్ ముందు అవి నిలబడవు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న చోటికి వస్తాను. మీలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు.

2011లో మా అమ్మాయి పదో తరగతి. పరీక్షలు ఇంకా మొదలు కాకుండానే కాలేజీల పీఆర్వోలు కాలనీలో తలుపులు కొట్టడం మొదలుపెట్టారు. ఫలానా మార్కులొస్తే ఫీజులో ఇంత తగ్గింపు, ఫలానా తేదీలోపు కడితే ఇంకొంత. మా వరసలో పదోతరగతి పిల్లలున్న ఏడు ఇళ్లలో ఆరు ఇళ్లవాళ్లు హాస్టల్‌కి సిద్ధమైపోయారు. మా ఆవిడ టీచరు, చదువు విలువ తెలిసిన మనిషి. "రేపు పిల్ల పెద్దదై, అందర్నీ పంపితే నన్నెందుకు పంపలేదు అని అడిగితే ఏం చెబుతామండీ?" అంది. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర సమాధానం లేదు. అందుకని మనకు చేతనైన పని చేశాను. కాగితం తీసుకుని లెక్కేశాను.

బడి, నిద్ర, నా షిఫ్టులు అన్నీ పోగా నేనూ నా కూతురూ మెలకువగా ఒక ఇంట్లో ఉండేది సగటున రోజుకి రెండున్నర గంటలు. పదిహేనేళ్లకు 13,700 గంటలు. దాన్ని రోజుల్లోకి మారిస్తే 570. అంటే పదిహేనేళ్లు కలిసి ఉన్నామనుకున్న పిల్లతో నేను నిజంగా ఉన్నది ఏడాదిన్నర. ఇంటర్ రెండేళ్లు ఇంట్లో ఉంచుకుంటే కలిసొచ్చేది ఇంకో 76 రోజులు. ఆ తర్వాత ఇంజనీరింగో డిగ్రీయో, ఉద్యోగమో పెళ్లో. మళ్లీ ఆ లెక్కన రోజులు దొరకవు. కాగితం మా ఆవిడ ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "ఈ లెక్క నా పేరు మీద కూడా వేయండి" అంది. వేశాను. ఆవిడకి నాకన్నా ఎక్కువే వచ్చాయిగానీ మరీ ఎక్కువేం కాదు.

అమ్మాయిని అడిగాం. ఉంటానంది. కాలనీ బస్సులో వెళ్లివచ్చే కాలేజీలో చేర్పించాం. ఆ రెండేళ్లలో పాఠాలు ఒంటరిగా చదువుకుంది, రాత్రి పదకొండుకి టీ కావాలంటే నేను పెట్టేవాణ్ణి. కెమిస్ట్రీ నాకు ఒక్క ముక్క రాదు, వింటున్నట్టు కూర్చునేవాణ్ణి. ఐఐటీ రాలేదు. ఎంసెట్ రాసి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. హాస్టల్‌కి వెళ్లినవాళ్లలో ఇద్దరికి ఐఐటీ వచ్చింది. అది కూడా చెప్పాలి కదా, లెక్క లెక్కే.

మా వాడు నాలుగేళ్ల తర్వాత పదోతరగతి అయ్యాక, తనే వచ్చి, "నాన్నా, నా ఫ్రెండ్స్ అందరూ వెళుతున్నారు, నేనూ వెళతాను" అన్నాడు. అదే కాగితం చూపించాను. "అక్కవి కదా ఈ లెక్కలు, నావి కావు" అన్నాడు. పదిహేనేళ్లవాడికి సొంత బుర్ర ఉంటుంది, ఉండాలి. పంపించాం. నెలకి రెండు ఆదివారాలు చూడనిచ్చేవాళ్లు. మేము క్యారియర్‌లో అన్నం, కోడికూర, పెరుగు పట్టుకుని పొద్దున్నే బయల్దేరేవాళ్లం. హాస్టల్ గేటు బయట వేపచెట్ల కింద దుప్పట్లు పరిచి వందలమంది తల్లిదండ్రులు. మీలో చాలామంది ఆ చెట్ల కింద కూర్చున్నవాళ్లే, నేను చూశాను. ఒక తల్లి కొడుకు తల ఒళ్లో పెట్టుకుని పేలు చూసేది, వాడు ఆరడుగులు ఉండేవాడు. పక్కన ఎవరో ముక్కు చీదుకునేవాళ్లు, అందరం అటు చూడనట్టు నటించేవాళ్లం. మా వాడు ముద్ద ముద్దకీ కబుర్లు చెప్పేవాడు. మూడు గంటలు కాగానే బెల్లు. రెండేళ్లలో అలాంటి ఆదివారాలు 48. గంటలు 144. రోజులు 6.

వాడు బాగానే చదివాడు, బాగానే ఉన్నాడు. హాస్టల్‌కి పంపినవాళ్లను నేనేమీ అనడం లేదు, నేనూ పంపినవాణ్ణే. ఊళ్లో కాలేజీ లేనివాళ్లకి వేరే దారే లేదు. కానీ ఇక్కడ మాస్టార్లు ఉన్నారు, పదోతరగతి పిల్లల తల్లిదండ్రులు రేపు మీ దగ్గరికే సలహాకి వస్తారు. ఫీజు, ర్యాంకులు, ఫ్యాకల్టీ, అన్నీ చెప్పండి. దాంతోపాటు ఒక తెల్లకాగితం ఇచ్చి ఈ లెక్క కూడా వేసుకోమనండి. వేసుకున్నాక ఎటు వెళ్లినా వాళ్లిష్టం.

ఇప్పుడు అమ్మాయి బెంగళూరులో, అబ్బాయి పూనాలో. ఈ ఏడాది ఆవకాయకి ఇద్దరూ వీడియోలో హాజరయ్యారు. గిన్నె కొలత సరిగా ఉందో లేదో అమ్మాయి అక్కణ్నుంచే చెప్పింది. బేసిన్ కడగొద్దు, వచ్చేవారం వస్తున్నాను అన్నాడు మావాడు. వారం ఆగేది కాదని వాళ్లమ్మ నచ్చజెప్పాల్సివచ్చింది.

కార్యదర్శి వాచీ చూపిస్తున్నాడు. ఒక సంగతి చెప్పి దిగిపోతాను. ఆ ఆవకాయ జాడీ ఒకటి తెచ్చాను. భోజనాల దగ్గర కిటికీ వైపు బల్ల మీద ఉంది. ముందు మాస్టార్లకు, టీచరమ్మలకు. తర్వాత మన బ్యాచ్ వాళ్లు. మిగిలితే మిగతా బ్యాచ్‌లు.