చీకటి నాణ్యత



బెంగళూరు దీపాలకు ఆకాశం వెలవెలబోయే హొసకోటెలో ఖగోళ సదస్సు ఏమిటని కొందరు ముక్కున వేలేసుకున్నారు. కానీ లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తునున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపును ఉపగ్రహ లింకు మీద నడిపేది ఈ ఊరి క్రెస్ట్ పరిశోధనా ప్రాంగణం నుంచే. మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపు యూవిట్‌ను కూర్చిందీ ఇక్కడే.

విశ్వం పుట్టిన 3,80,000 ఏళ్లకు తటస్థ హైడ్రోజన్ కమ్ముకుందనీ, తర్వాత దాన్ని ఏదో మళ్లీ అయనీకరించిందనీ మీకు నేను చెప్పాలా? ఆ పని చిన్న గెలాక్సీలదా, క్వేజార్లదా అన్నదే నా పాత పేచీ. ఆ తొలి గెలాక్సీల అయనీకరించే కాంతి మనదాకా రాదు, దారిలోని హైడ్రోజనే మింగేస్తుంది. కనుక వాటి పోలికలున్న తర్వాతి తరం గెలాక్సీల్లో ఆ కాంతి బయటికి జారుతోందా అని వెతకాలి. నేనలా అన్నప్పుడల్లా ‘దానికి మీ దగ్గర అంత అద్దమేదీ?’ అని నవ్విన పెద్దలున్నారు. ఇద్దరు ముందు వరుసలోనే ఉన్నారు, వారికి నమస్కారం.

యూవిట్ అద్దం 38 సెంటీమీటర్లే. హబుల్‌ది 2.4 మీటర్లు. అయినా 2016 అక్టోబరులో 28 గంటలకు పైగా చూసి, 930 కోట్ల ఏళ్ల కిందట ఏయూడీఎఫ్ఎస్01 గెలాక్సీ నుంచి బయలుదేరిన ఆ కాంతిని పట్టింది యూవిట్టే. కనక్ సాహా బృందం దాన్ని సరిచూసి, 2020లో ‘నేచర్ ఆస్ట్రానమీ’లో ప్రకటించింది. కారణం అద్దం కాదు, చీకటి. యూవిట్ డిటెక్టర్‌లో వృథా సంకేతం హబుల్ కంటే చాలా తక్కువ. అందుకే వచ్చిన ఒక్కొక్క ఫోటాన్‌నూ లెక్కపెట్టగలిగింది.

ఆ ఫోటాన్లు డిటెక్టర్ దాకా ఊరికే రాలేదు. అద్దం మీద వేలిముద్రంత జిడ్డు పొర పడినా అతినీలలోహిత కాంతి అందులోనే ఆగిపోతుంది. 2015 సెప్టెంబరు 28న ఎగిరాక, ఉపగ్రహం నుంచి వెలువడే ఆవిర్లు పోయేదాకా సుమారు రెండు నెలలు యూవిట్ తలుపులు తెరవలేదు. చూడ్డానికి పంపినదాన్ని కళ్లు మూయించి కూర్చోబెట్టారు! అంత ఓపిక నాకైతే లేదు.

ఈ జాగ్రత్త మనకు కొత్తేం కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన హైదరాబాద్ నిజామియా వేధశాల ఏడున్నర లక్షలకు పైగా తారల స్థానాలను ఫోటో ఫలకాల మీద కొలిచి ప్రచురించింది. ఫలకం మీద ముందే గళ్లు ముద్రించేవారు. కడిగాక ఎమల్షన్ సాగిందో, ముడుచుకుందో ఆ గళ్లే చెప్పేవి. కనబడినదల్లా చుక్కేనని నమ్మని మనుషులు వాళ్లు. అక్కడ పనిచేసిన సునన్న బాపు కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వైను బాపు.

ఈసారి మనకు అందిన పత్రాల్లో జేమ్స్ వెబ్ బొమ్మలు దండిగా ఉన్నాయి. నిజామియా మీద ఒక్కటీ లేదు, డిటెక్టర్ల మీద ఒక్కటీ లేదు. వచ్చే సదస్సులో ఒక పూట ఈ రెంటికీ కేటాయించాలని కార్యదర్శిగారిని కోరుతున్నాను. భోజనాల ముందు పూట ఇస్తే మాత్రం ఒప్పుకోను.