వేడి మీద అందుకోని ఇంజను – నేరం యంత్రానిదా, డ్రైవరుదా?

(మోటారు రవాణా కార్మికుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు నాకు అప్పగించిన విషయం చూపునకు చిన్నది. ఉదయం ఒక్క సెల్ఫుకే అందుకొనే డీజిలు కారు, మధ్యాహ్నం ఎండలో కొంత దూరం నడిచి, టీ దుకాణం వద్ద పావుగంట ఆగిన తరువాత మరల అందుకొనదు. గంటసేపు చల్లారనిస్తే ఏమీ ఎరుగనట్లు బయలుదేరుతుంది. యజమాని వచ్చి చూసేసరికి బండి నడుస్తూనే ఉంటుంది. డ్రైవరు మాట అబద్ధమవుతుంది.

అంతటితో ఆగదు. మరల అందుకొనదేమోనన్న భయంతో డ్రైవరు ఇంజను ఆపకుండానే నిలబెడతాడు. నెలాఖరుకు డీజిలు లెక్క పెరుగుతుంది. అప్పుడు నిర్లక్ష్యం అనే మాట పోయి, దొంగతనం అనే మాట వస్తుంది. జబ్బు యంత్రానిది, శిక్ష మనిషిది. కావున ఈ జబ్బును గుర్తించే విద్య గ్యారేజికి మాత్రమే చెందినది కాదు. అది మన ఆత్మరక్షణకు కూడా చెందినది.

మొదట మూలసూత్రాన్ని గుర్తుంచుకొందాము. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ లేదు. సిలిండరులో గాలిని రమారమి ఇరవై రెట్లు కుదించినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆ పని మరింత సులభం కావలెను. చల్లని ఇంజనుకు సాయపడే గ్లో ప్లగ్గులకు ఇక్కడ పని లేదు. అయినప్పటికీ మొదట వాటినే మార్చి డబ్బు వసూలు చేసే గ్యారేజీలు ఉన్నవి. వేడి మీద మొరాయించే బండికి గ్లో ప్లగ్గులు మార్చడమంటే, కాలు నొప్పికి తలకు కట్టు కట్టడమే.

మరి వేడి దేనిని చెడగొట్టుచున్నది? ఇంజను ఆగగానే నీటి ప్రవాహమూ, ఫ్యాను గాలీ ఆగిపోతాయి. లోపలి వేడి బయటికి పాకి సెల్ఫ్ మోటారునూ, డీజిలు పంపునూ కాలుస్తుంది. ఆగిన పావుగంట తరువాత బాధ అధికం కావడానికి కారణమిదే.

ఇక పరీక్షకు వద్దాము. వరుస తప్పకుండా నాలుగు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: సెల్ఫ్ ఉదయం తిరిగినంత వేగంగా తిరుగుచున్నదా? రాగి తీగ నిరోధం ఒక్కొక్క డిగ్రీకి ఇంచుమించు 0.4 శాతం పెరుగుతుంది. అరవై డిగ్రీలు వేడెక్కితే నాలుగవ వంతు పెరిగినట్లే. అరిగిన బుష్షులు, తుప్పు పట్టిన ఎర్తు తీగ, నీరసించిన బ్యాటరీ దీనికి తోడైతే ఇంజను బరువుగా తిరిగి ఆగిపోతుంది. సెల్ఫ్ తిప్పుచుండగా 12 వోల్టుల బ్యాటరీ వద్ద వోల్టేజి 9.6కు దిగువకు పడితే, బ్యాటరీనీ సెల్ఫ్ మోటారునూ పరీక్షించవలెను. బ్యాటరీ నెగటివ్ కొనకూ ఇంజను దిమ్మెకూ నడుమ అర వోల్టుకు మించి కనిపిస్తే ఎర్తు దారి చెడినదని అర్థం.

రెండవది: సెల్ఫ్ చక్కగా తిరుగుచున్నచో, పొగగొట్టం నుండి పొగ వచ్చుచున్నదా? తెల్లని పొగ వస్తే ఇంధనం చేరుచున్నది గాని మండుటలేదు. టైమింగునూ కంప్రెషనునూ చూడవలెను. పొగ బొత్తిగా లేకపోతే ఇంధనమే చేరుటలేదు.

మూడవది: ఇంధనం దారి తెరచి ఉన్నదా? పాత తరహా పంపుల మీద చాలావాటికి ఇంజనును ఆపే సోలినాయిడ్ ఉంటుంది. తాళం తిప్పగానే అది టక్కుమనవలెను. వేడికి దాని చుట్ట తెగి, చల్లారగానే మరల కలిసే అవకాశం ఉన్నది. తరువాత, పంపుకు వచ్చే గొట్టంలో కొంత భాగం పారదర్శకమైన గొట్టం అమర్చి చూస్తే గాలి బుడగలు కనిపిస్తాయి. వేడికి మెత్తబడిన రబ్బరు గొట్టం, వదులైన క్లిప్పు గాలిని లోపలికి పీల్చుకొంటాయి.

నాలుగవది: పంపు అరిగినదా? అంబాసిడర్ డీజిలు వంటి పాత బండ్లలోని రోటరీ పంపులో రోటరుకూ దాని గదికీ నడుమ సందును మిల్లీమీటరులో వెయ్యవ వంతులలో కొలుస్తారు. ఆ సందు పెరిగితే, వేడికి పలచబడిన డీజిలు అందులోనుండి జారిపోతుంది. సెల్ఫ్ తిప్పే నెమ్మది వేగంలో నాజిలును తెరిచే పీడనం పుట్టదు. పంపు మీద గుడ్డ చుట్టి, ఇంజను ఆగి ఉండగా, ఆల్టర్నేటరుపై పడకుండా కొద్దికొద్దిగా చన్నీళ్లు పోయండి. కొన్ని నిమిషాలలో బండి అందుకొంటే పంపు అరిగినట్లే. అయితే ఆ నీళ్లు సోలినాయిడునూ చల్లబరుస్తాయి గనుక, దానిని ముందే పరీక్షించి ఉండవలెను. వరుస తప్పరాదని చెప్పినది ఇందుకే.

మరొక గుర్తు. తోస్తే అందుకొన్న బండిలో సోలినాయిడ్ దోషం ఉండదు. సెల్ఫో, పంపో అనుమానితం.

కొత్త కామన్ రైల్ బండ్లలో రైలు పీడనం చాలకపోతే కంప్యూటరు ఇంధనాన్ని వదలదు. అరిగిన ఇంజెక్టర్ల రిటర్ను గొట్టాలలో ఎంత డీజిలు తిరిగి వచ్చుచున్నదో కొలిచి పోల్చవలెను. వేడికి క్రాంకు సెన్సారు మూగబోవడం కూడా సాధారణమే. ఇంజను నడుచుచుండగా ఈ బండ్ల హై ప్రెషరు గొట్టాలను ఎన్నడూ వదులు చేయకండి. ఆ ధార చర్మాన్ని చీల్చుకొని శరీరంలోకి పోగలదు. ఈథరు చల్లి తిప్పే సాహసమూ వద్దు. కాలిన రేడియేటరు మూత తెరవడమూ వద్దు. బండి కంటె ప్రాణం విలువైనది.

ఇక అసలు ప్రశ్న. పంపు ఎందుకు అరిగినది? ఆ పంపుకు డీజిలే కందెన. నీరు, దుమ్ము, కిరోసిను కల్తీ దానిని తినివేస్తాయి. ఫిల్టరు సకాలంలో మార్చనిది ఎవరు? చౌక డీజిలు ఎక్కడ దొరికితే అక్కడ పోయించినది ఎవరు? తాళం తిప్పిన చేయి ఈ అరుగుదలకు ఎట్లు బాధ్యత వహించును?

1936 నాటి వేతన చెల్లింపుల చట్టం ఒక సూత్రాన్ని నెలకొల్పినది. కార్మికునికి అప్పగించిన వస్తువుకు నష్టం కలిగితే, అది నేరుగా అతని నిర్లక్ష్యం వల్లనే కలిగినప్పుడు తప్ప జీతం కోయరాదు. కోతకు ముందు అతని సంజాయిషీ వినవలెను. కోత నష్టాన్ని మించరాదు. 2019 వేతనాల కోడ్ కూడా ఈ సూత్రాన్ని నిలుపుకొన్నది. అయితే సంజాయిషీలో “బండి అందుకోలేదండీ” అన్న ఒక్క మాటతో పని జరుగదు.

కావున ప్రతి డ్రైవరూ లాగ్ షీటులో ఐదు సంగతులు వ్రాయవలెను: బండి ఆగిన వేళ, ఎంతసేపటికి మరల తిప్పినది, సెల్ఫ్ ఎట్లు తిరిగినది, పొగ వచ్చినదా లేదా, ఎంత చల్లారిన తరువాత అందుకొన్నది. తేదీ వేసి, మెకానిక్కు సంతకం తీసుకొని, ఒక నకలు తన వద్ద ఉంచుకొనవలెను. మూడు నాలుగు పర్యాయాలు ఒకే తీరు కనిపిస్తే అది డ్రైవరు కట్టుకథ కాదని ఎవరైనా ఒప్పుకొనక తప్పదు. మెకానిక్ సోదరులు కూడా, కనుగొన్న దోషాన్ని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. గ్యారేజిలోని కార్మికుడు వ్రాసిన ఒక్క వాక్యం రోడ్డు మీది కార్మికుని నెల జీతాన్ని కాపాడగలదు.

యూనియను శాఖలు ఈ లాగ్ షీటు నమూనాను అచ్చు వేయించి పంచవలెనని కోరుచున్నాను. మన చేతిలో పానాతో పాటు కలం కూడా ఉండవలెను.