పాఠం మధ్యలో కబురు

టీచర్లు మనసు పెట్టి పనిచేయాలంటే హెడ్మాస్టరు ఏం చేయాలి?

జీతం, బదిలీ, ప్రమోషన్... సర్కారు బడిలో ఇవేవీ హెడ్మాస్టరు చేతిలో ఉండవు. మరి ఉన్నదేమిటి? టీచరు సమయం. అవును, టీచరు సమయం.

ఒక పూట చూడండి. ఆరో తరగతిలో లెక్కల టీచరు భిన్నాల కూడిక వేశారు. హారాలు వేరువేరు, ఎలా కలపాలా అని పిల్లలు తలలు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి కబురు. మధ్యాహ్న భోజనం లెక్క యాప్‌లో ఎక్కించాలట. తర్వాత యూడైస్ అనే పోర్టల్‌లో బడి వివరాలట. సిగ్నల్ లేదు. ఫోను పట్టుకుని ఆవిడ వరండాలోకి వెళ్లారు. తిరిగొచ్చేసరికి గంట కొట్టేశారు.

రోజూ ఇదే అయితే, ఎంత ఇష్టంగా వచ్చినవారికైనా ఉత్సాహం చచ్చిపోతుంది. అందుకే హెడ్మాస్టరు గారూ, యాప్ పనులకు ఒక వేళ పెట్టండి. ఆ భారం కొత్తగా చేరినవారి నెత్తినే రుద్దకండి, అందరికీ పంచండి.

ఇంకొకటి. క్లాసులో కాసేపు కూర్చోండి. నచ్చినదేదో విడమరిచి చెప్పండి. ‘బాగా చెప్పారు’ అంటే చాలదు. ‘కాగితం మడిచి చూపించారు కదా, వెనక బెంచీ పిల్లలకు కూడా అర్థమైంది’ అనండి. నన్నడిగితే, ఏ సన్మానం కన్నా ఈ మాటే ఎక్కువ పనిచేస్తుంది. తనిఖీకి అధికారులొస్తే టీచరు పక్షాన నిలబడండి. లోపాలుంటే తర్వాత విడిగా మాట్లాడుకోవచ్చు.

రేపు బడికి వెళ్లగానే అటెండరును పిలవండి. పాఠం జరుగుతుండగా ఏ క్లాసుకూ కబురు తీసుకెళ్లొద్దని చెప్పండి.