నౌషేరా సింహం

బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ 1912 జూలై 15న ఉత్తరప్రదేశ్‌లోని బీబీపూర్‌లో పుట్టారు. తండ్రి పోలీసు అధికారి. ఉస్మాన్ ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది, బలూచ్ రెజిమెంట్‌లో చేరారు. దేశ విభజనలో ఆ రెజిమెంట్ పాకిస్తాన్ వాటాకు పోయింది. ఆయన మాత్రం భారత సైన్యాన్ని వదల్లేదు.

కశ్మీర్ యుద్ధంలో 50వ పారాచూట్ బ్రిగేడ్‌ను నడిపించారు. 1947 డిసెంబరులో ఝంగర్ అనే చోటు శత్రువుల చేతికి పోయింది. దాన్ని తిరిగి గెలిచేదాకా మంచమెక్కనని పంతం పట్టి, ఎముకలు కొరికే చలిలో నేలమీదే పడుకున్నారు. 1948 ఫిబ్రవరిలో నౌషేరాను శత్రు దాడి నుంచి కాపాడి ‘నౌషేరా సింహం’ అనిపించుకున్నారు. మార్చిలో ఝంగర్ దక్కింది. ఆ రాత్రికి పక్క ఊరి నుంచి మంచం తెప్పించారు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. జీతంలో పెద్ద భాగం పేద పిల్లల చదువులకే ఇచ్చేవారు. నౌషేరాలో దిక్కులేని బాలలను చేరదీసి, తిండీ చదువూ చూశారు. వాళ్లే ఆయన కుటుంబం.

1948 జూలై 3న ఝంగర్‌లో ఫిరంగి గుండు పేలి అమరులయ్యారు. అప్పటికింకా ముప్ఫై ఆరేళ్లు నిండలేదు. మరణానంతరం మహావీర చక్ర లభించింది. అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ స్వయంగా వచ్చారు. ఢిల్లీ వెళ్లినప్పుడు, జామియా మిలియా దగ్గరున్న ఆయన సమాధి వద్ద ఒక్క నిమిషం ఆగండి. పిల్లలకు ఆయన కథ చెప్పండి.