చేతిలో పని ఉండగానే మంచి పని వెతుక్కుందాం



పొదుపు లెక్కలు, అప్పు లెక్కలు నివేదికలో ఉన్నాయి. మేము చెప్పేది లెక్కల్లోకి రాని మాట. ఒక పని చేసుకుంటూనే ఇంకా మంచి పని ఎలా వెతుక్కోవాలి అనేది.

మా సంఘంలో 11 మందిమి. అందులో 6 గురం రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళం. తెల్లవారకముందే వ్యాను ఎక్కితే ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసి, పొట్టు ఒలవాలి. కిలోల లెక్కన కూలి. సరుకు వస్తేనే పని. 2025 ఆగస్టులో అమెరికా మన దేశం సరుకుల మీద సుంకం 50 శాతం చేశాక, వారంలో మూడు రోజులే పని దొరికిన వారాలున్నాయి. ఎక్కడో అమెరికాలో పన్ను పెరిగితే మా ఇంట్లో కిస్తీ ఆగుతుందని అప్పుడు తెలిసింది.

ఆ సమయంలోనే మా సభ్యురాలు ఒకావిడ, టౌనులో బట్టలు కుట్టే చోట నెలజీతం ఇస్తారని ఒక మధ్యవర్తి చెబితే నమ్మి, రొయ్యల పని మానేసింది. తీరా వెళ్తే మూడు నెలలు శిక్షణ అన్నారు, జీతం సగమే అన్నారు, బస్సు ఖర్చు కూడా ఆవిడదే అన్నారు. నెల తిరగకుండా వెనక్కి వచ్చింది. మేస్త్రి మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. రెండు కిస్తీలు ఆగిపోయాయి. అవి మేమందరం తలా కొంత వేసి కట్టాం.

ఆ వారం మీటింగులో గొడవైంది. "కూడు పెట్టే పని కాలదన్నుకుంటే ఇంతే" అని మాలో కొందరం అనేశాం. ఆవిడ ఒక్కటే అంది: "ముందే చెబితే వద్దంటారని చెప్పలేదు." ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. తప్పు ఆవిడది ఒక్కదానిదే కాదని ఒప్పుకున్నాం. ఆవిడ ఇవాళ ఇక్కడే కూర్చుని ఉంది. ఇది అందరికీ చెప్పమని ఆవిడే అడిగింది.

తర్వాత మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసుకున్నాం. మంచి పని వెతుక్కోవడం తప్పు కాదు, దాచుకోవక్కర్లేదు. ఎవరికి కబురు తెలిసినా మీటింగులో చెప్పాలి. సెలవు రోజున ఇద్దరు వెళ్ళి, అక్కడ పనిచేసే ఆడవాళ్ళని కలిసి, ఇవి అడిగి రావాలి:

కోతలు పోను చేతికి ఎంత వస్తుంది? జీతం కంపెనీ ఇస్తుందా, మేస్త్రి ఇస్తాడా, ఏ తారీకున?
శిక్షణ ఎన్నాళ్ళు, అప్పుడు ఎంత ఇస్తారు?
పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా?
పని ఎన్ని గంటలు? పొద్దుపోతే ఇంటికి ఎవరు చేరుస్తారు?

పీఎఫ్ అంటే డబ్బు కోసేస్తారని మేము భయపడేవాళ్ళం. మన జీతంలో నూటికి 12 రూపాయలు కోస్తారు, యజమాని కూడా తన వంతు కట్టాలి. పని మారినా యూఏఎన్ నంబరు మారదు, పాతదే కొత్త చోట ఇవ్వాలి. ఆధార్‌లో పేరు, పీఎఫ్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఈఎస్ఐకి నూటికి 75 పైసలే, జబ్బు చేస్తే వైద్యం ఉంటుంది. పని నేర్చుకోవాలంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. అక్కడ శిక్షణ, భోజనం, వసతి ఉచితం.

ఇంకొకటి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు ఉంటే కాలు కదలదు. అందుకే ముందు సంఘంలో అంతర్గత అప్పు తీసుకుని అది తీర్చేస్తున్నాం. పని మారేలోపు ఒక నెల ఇంటి ఖర్చు, ఒక కిస్తీ పక్కన పెట్టుకోవాలని అనుకున్నాం.

ఈ ఏడాది మాలో ఇద్దరు పని మారారు. ఒకరు ఆసుపత్రి వంటశాలలో, ఒకరు బట్టల కొట్టులో. జీతాలు గొప్పగా ఏమీ పెరగలేదండి. కానీ నెల నెలా తారీకుకి వస్తున్నాయి, చేతులు ఐసులో నానడం లేదు. ముగ్గురం ఇంకా రొయ్యలే ఒలుస్తున్నాం, వెతుకుతూనే ఉన్నాం. ఆగిన కిస్తీల బాకీ ఆవిడ సగం తీర్చింది. ఈసారి పని చూడ్డానికి ఆవిడతో పాటు మేమూ వెళ్తున్నాం.

మీ సంఘంలో కూడా ఎవరో ఒకరు చెప్పకుండా వెతుకుతూనే ఉంటారు. వచ్చే మీటింగులో మీరే ముందు అడగండి. సెలవు.