ఏసీ ఆయుష్షు బయటి యూనిట్‌లో ఉంది

మే నెలలో విజయవాడలో 45 డిగ్రీల ఎండ కాసే మధ్యాహ్నం ఏసీ బయటి యూనిట్ ముందు ఒక్క నిమిషం నిలబడండి. అందులోంచి వచ్చే గాలి ఆ ఎండగాలి కంటే వేడిగా ఉంటుంది. ఎందుకు?

ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. గదిలోని వేడిని బయటికి మోసుకుపోతుంది. వేడి తనంతట తాను వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకే ప్రవహిస్తుంది కదా! అందుకే కంప్రెసర్ లోపలి వాయువును గట్టిగా నొక్కి, బయటి గాలి కంటే వేడెక్కిస్తుంది. బయట వేడి పెరిగేకొద్దీ దాని శ్రమ పెరుగుతుంది.

బయటి యూనిట్‌ను ఇరుకు బాల్కనీలో బిగించి, చుట్టూ సామాన్లు పేర్చామనుకోండి. తాను వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీలుస్తుంది. రేకుల మధ్య దుమ్ము పేరుకున్నా కంప్రెసర్‌పై భారం పెరుగుతుంది. యూనిట్‌కు నీడ ఉండాలి, గాలికి అడ్డు ఉండకూడదు.

వేసవిలో రెండు వారాలకొకసారి స్విచ్ ఆపి, గదిలోని యూనిట్ ఫిల్టర్‌ను కడిగి ఆరబెట్టండి. ఏసీని ఆపాక, మళ్లీ వేసేముందు మూడు నిమిషాలు ఆగండి. లోపలి పీడనాలు సమం కావాలి. 24 డిగ్రీలు చాలు. 18కి దించితే కంప్రెసర్‌కు విశ్రాంతి దొరకదు.

చివరగా ఒక మాట. లోపలి గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. లీకును మూయకుండా గ్యాస్ నింపించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. తక్కువ గ్యాస్‌తో నడిపితే కంప్రెసర్ వేడెక్కి కాలిపోవచ్చు. ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు, "లీకు ఎక్కడుంది?" అని మీరే అడగండి.