అటకయు నట్టిల్లును

నెల్లూరు జిల్లాలో మైపాడు తీరమునకు చేరువనున్న ఇందుకూరుపేటలో మా బంధువుల యింట ఒక పాత కంప్యూటరు కలదు. దాని ర్యాము 2 జీబీలు మాత్రమే. రొయ్యల చెరువుల లెక్కలును, పిల్లల చదువును దానిమీదనే. ఒకనాటి రాత్రి ఆ యింటి అమ్మాయి కాలేజీ దరఖాస్తు నింపుచుండగా బ్రౌజరు చెప్పాపెట్టక మాయమైనది. నింపినదంతయు పోయినది. మరునాటితో గడువు సరి. "విండోసు నత్తనడక అని లినక్సు వేయించాము. ఇదిట్లా చేసింది. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామా, బావా?" అని ఆమె తండ్రి మమ్ము అడిగెను.

ఇట్టి వాదములలో జనులు చూపు కొలత ఒకటి కలదు. ఏది ఎక్కువ ర్యామును ఖాళీగా ఉంచునో అదియే మేలైన ఆపరేటింగు సిస్టమని. ఇది పొరపాటని మా అభిప్రాయము. ఖాళీ ర్యాము ఎవరికిని ఉపకరింపదు. లినక్సు గాని విండోసు గాని మిగిలిన చోటును డిస్కునుండి చదివిన ఫైళ్ళతో నింపుకొని, అవసరము రాగానే వదలివేయును. వాని గుణము బయటపడునది చోటు నిండిన తరువాతనే.

నట్టింట చోటు చాలనప్పుడు వాడని సామాను అటక నెక్కింతుము గదా! సిస్టము కూడ చాలసేపుగా ముట్టని పేజీలను డిస్కునకు పంపును. ఉపాయము పాతదే. మాంచెస్టరులో 1962లో ప్రారంభమైన అట్లాసు యంత్రము తిరుగు డ్రమ్మును ఇట్లే వాడుకొన్నది. చిక్కెక్కడనగా, అటక మిక్కిలి ఎత్తు. ర్యాములోని మాట సుమారు 100 నానోసెకండ్లలో అందును. హార్డ్ డిస్కుపై వెదకుటకు 10 మిల్లీసెకండ్లు, అనగా లక్షరెట్లు పట్టును. దించినదానినే ఎక్కించుచు, ఎక్కించినదానినే దించుచు పొద్దు పుచ్చుటను థ్రాషింగు అందురు. ప్రతి ప్రోగ్రామునకును ఆ సమయమున నిజముగా కావలసిన పేజీల గుంపు ఒకటుండుననియు, ఆ గుంపులన్నియు ర్యాములో పట్టనప్పుడే ఈ అవస్థ కలుగుననియు పీటర్ డెన్నింగ్ 1968లో వివరించెను.

ఆ రాత్రి జరిగినది మరియొకటి. విండోసు ర్యామునకును పేజింగు ఫైలునకును మించి ఎవరికిని మాట ఈయదు. లేదని ముందే చెప్పును. అది విని ప్రోగ్రాము తానే కూలుటయు కలదు. లినక్సు మామూలుగా విస్తళ్ళకు మించి పిలుపులు పంపును, అందరును ఒక్కసారి రారను ధైర్యముతో. వచ్చిరా, ఒకరిని పంక్తినుండి లేపివేయును. తరచు లేచునది అందరికంటె ఎక్కువ తినువాడే. మన యిండ్లలో ఆ తిండి బ్రౌజరుది.

మేము చూడగా ఆ యంత్రమునకు స్వాపు అసలే లేదు. అటకలేని యిల్లన్నమాట! కొంత స్వాపు ఏర్పరచి, దానికి ముందు జడ్‌ర్యామును అమర్చితిమి. ఇది పేజీలను డిస్కునకు పంపక, నట్టింటనే గట్టిగా మడచి మూట కట్టును. విప్పుటలో ప్రాసెసరుకు కొంత శ్రమయే గాని, అటక యాత్ర తప్పును. ఇట్టి ఏర్పాటు మాకింతోషులో 2013లోను, విండోసు 10లో 2015లోను వచ్చినది. కాని విండోసు 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11 కనీసము 4 జీబీలు కోరును. కావున ఆ యంత్రమును లినక్సుతోనే ఉంచితిమి.

అమ్మాయి మరునాడు ఉదయమే, ఒక్క ట్యాబు మాత్రము తెరచుకొని, దరఖాస్తు పంపినది. చెరువుల లెక్కలు మధ్యాహ్నమువరకు ఆగినవి.